తెర కదిలితే మంచి తుపాకీ

టంగు మావయ్య అప్పటికే తుపాకీ గొట్టాలు విప్పి, కిటికీ వైపు తిప్పి, ఒక కన్ను మూసుకుని లోపలికి చూస్తున్నాడు. వెలుతురు వలయాలు వలయాలుగా మెరుస్తోంది. నొక్కుల్లేవు, తుప్పు లేదు. చెక్క మీద బొటనవేలు రాస్తే చిన్న పగులైనా తగల్లేదు. పాత జంట గొట్టాల తుపాకులు కొని దాచుకోవడం, పరాయివాళ్ళవి చూసి మంచిచెడ్డలు చెప్పడం, ఆయనకి తెలిసిన బతుకల్లా అదే. గోడ నిండా వేలాడే ఆ తుపాకుల్ని ఆయన భార్య "నా సవతులు" అనేది. అంటూనే రోజూ పొద్దున్నే తనే వాటి దుమ్ము దులిపేది.

ఎదురుగా కూర్చున్న రైలు డ్రైవరుకి కాలు ఒకచోట నిలవడం లేదు. తుపాకీ వాళ్ళ నాన్నది. వచ్చే ఆదివారం పోటీలో దాన్నే పేల్చాలని అతని పట్టుదల.

"బాగానే ఉందాండీ?"

"తొందరపడకు నాయనా. అసలు పరీక్ష ఇప్పుడుంది."

రెండు గొట్టాలనీ కలిపి ఉంచేది సన్నటి టంకం అతుకు. అది లోపల్లోపల వదులైతే కంటికి కనబడదు, చెవికే తెలుస్తుంది. గొట్టాల్ని తాడుకి వేలాడదీసి వేలి కణుపుతో కొడితే, గట్టి అతుకైతే టంగుమని సాగుతుంది. వదులైతే బొంగురుపోతుంది. ఆయనకి ఆ పేరొచ్చింది అందుకే. కానీ మనుషుల మాటలు వినబడుతున్నా, ఆ సన్నటి టంగు ఆయన చెవిన పడి ఎన్నాళ్ళయిందో! సంగతి పైకి పొక్కితే గుమ్మం ఎక్కేదెవరు? ఏడ్చినంత పని చేసి ఒకనాడు భార్యతో చెప్పుకున్నాడు.

"ఓస్, ఇంతేనా! మీ టంగులు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. నేను చెప్తాలెండి," అందావిడ.

అప్పట్నుంచీ మధ్యగది తెర వెనక కుర్చీ వేసుకుంటోంది. మోత బాగుంటే తెర కాస్త కదుపుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. వచ్చినవాళ్ళ వీపు అటువైపే కాబట్టి గుట్టు బయటపడలేదు.

మావయ్య కొట్టాడు. తెర కదల్లేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాడు. ఊహూఁ.

ఇంత శుభ్రమైన తుపాకీ! మనసొప్పలేదు. అయినా ఆవిడ చెవి మీద ఆయనకి తన కళ్ళకన్నా నమ్మకం.

"అతుకు వదిలింది నాయనా. పేల్చకు."

డ్రైవరు ముఖం వాడిపోయింది. "మా నాన్న ప్రాణంలా చూసుకున్నాడండీ. నాకు టంగుమనే వినిపించింది మరి!"

మావయ్య ఉలిక్కిపడ్డాడు. "కాస్త కూర్చో," అని, 'ఏ ధ్యాసలో ఉందో మహాతల్లి' అని గొణుక్కుంటూ లోపలికెళ్ళాడు.

ఆవిడ కుర్చీలోనే ఉంది. తల గోడకి ఆనించి, కునుకు తీస్తున్నట్టే ఉంది. "ఏమే, తెర కదపలేదేం?" అని చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా తగిలింది. ఇంకోసారి పిలిచాడు. తర్వాత పిలవలేదు.

తెర పట్టుకుని బయటికొచ్చాడు.

"నేను చెప్పింది మర్చిపో నాయనా. నాకు ఆ టంగు వినబడదు. ఇన్నాళ్ళూ విన్నది మా ఆవిడ. పోయింది. దీన్ని ఇంకెవరికైనా చూపించుకో."

డ్రైవరు తుపాకీ అక్కడే వదిలేసి డాక్టరు కోసం పరుగెత్తాడు. మావయ్య ఆవిడ పాదాల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన పళ్ళకి పీచు నమలడం కష్టమని, ఆవిడ ఒళ్ళోని గిన్నెలో కమలా తొనలు ఒలిచిపెట్టి ఉన్నాయి. పైనున్న తొనకి పీచు సగమే తీసి ఉంది.