రెండోసారి నీళ్లు

కాప్రా చెరువు చుట్టూ అపార్టుమెంట్లు మొలిచాకే బిక్షం అద్దకం షెడ్డు నుంచి మోరీ కాలువ గుండా చెరువులోకి పారే రంగు నీళ్లు జనం కళ్లలో పడ్డాయి. ముప్ఫై ఏళ్లుగా పారుతున్న నీళ్లే మరి! అయినా తప్పు తప్పేనని కాలుష్య నియంత్రణ ఆఫీసువాళ్లు మొదటిసారి వచ్చిన రోజే అతని భార్య పుష్పమ్మ ఒప్పుకుంది. బిక్షానికి మాత్రం నెల పట్టింది. మూడు వారాల తర్వాత సోమవారం మళ్లీ వస్తాం, మోరీలో చుక్క రంగు కనిపించినా షెడ్డుకు తాళమేనని ఆఫీసువాళ్లు రెండోసారి వచ్చి చెప్పి వెళ్లారు.

బిక్షం మొండివాడే గానీ పనిమంతుడు. మూడు తొట్లు కట్టాడు. వాడిన నీళ్లలో సున్నం, పటిక కలిపి రంగును అడుక్కి దించాడు. పైనీటిని ఇసుకలోంచి, బొగ్గులోంచి వడకట్టాడు. నీళ్లు తేటగా వచ్చాయి. వాటితోనే మళ్లీ అద్దుకుంటే ఇక మోరీతో పనేముంది?

గడువుకు ముందురోజు, ఆదివారం పొద్దున, ఆ నీళ్లలో ఉప్పు, రంగు కలిపి చున్నీ ముంచాడు. హైటెక్ సిటీ ఉద్యోగాలకు పోయే అమ్మాయిలు మోజుపడే గులాబీ రంగు. తీసి చూస్తే మచ్చలు మచ్చలు. ఇంకోటి ముంచాడు. అదీ అంతే.

"గీ నీళ్లు పనికి రావు. షెడ్డు మూసేద్దాం పుష్పా," అంటూ తొట్టి గట్టున కూలబడ్డాడు. అతని నోట ఆ మాట వినేసరికి పుష్పమ్మకు ఏడుపొచ్చింది.

రంగు బట్టకు పట్టాలంటే అద్దే నీళ్లలో ఉప్పు పడాలి, ఎక్కువైతే మచ్చలు తేలతాయి. ఎంత పడిందో వేలు ముంచి, నాలుకకు తాకించి చెప్పడం ఆ ఇంట్లో తాతలనాటి అలవాటు. బిక్షం ఆ పనికి ఇంకెవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పుష్పమ్మ ఆ రోజు అడక్కుండానే తేటనీళ్లలో వేలు ముంచి నాలుకకు తాకించింది. వెంటనే తుపుక్కున ఉమ్మింది.

"ఏందయ్యా ఇది? రంగు పోయింది గని పాత ఉప్పు నీళ్లల్లనే ఉంది. దాని మీద మళ్ల ఎప్పటంత పోసినవా? కూరల రెండుసార్లు ఉప్పేస్తరా ఎవరన్న? నాలుక మీద ఏసుకొని చూడలే?"

"చూసిన. నాకేం తెల్వలే."

"తెల్వకపోవుడేంది?"

బిక్షం తల వంచుకున్నాడు. "చలికాలం జ్వరమొచ్చినప్పటి సంది నాలుకకు ఏ రుచీ తెలుస్తలే. బోరు నీళ్లల్ల అందాజుగ నడిపిచ్చిన."

"మరి రోజూ పప్పు మస్తుగుందంటివి?"

"నువ్వు చేస్తే మంచిగుండదా?"

తిడదామనుకుంది, తిట్టు రాలేదు. ఇన్ని నెలలూ ఈ దిగులు ఒక్కడే దాచుకున్నాడే అనిపించింది. కొంగుతో అతని మొహం తుడిచి, ఉప్పు డబ్బా తన ముందుకు లాక్కుంది. వేరే తొట్టిలో అవే తేటనీళ్లు పోసి, పిడికెడు ఉప్పు వేసి, కలిపి, రుచి చూసింది. ఇంకో పిడికెడు వేసింది.

"చాలు. ఇప్పుడు రంగేసి ముంచు."

ఈసారి చున్నీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే గులాబీ.

సోమవారం ఆఫీసరు ఎండిన మోరీని చూశాడు, తొట్లు చూశాడు, కాగితం తీశాడు. "ఈ నీళ్ల పని చూసేదెవరు? పేరు రాసుకోవాలి," అన్నాడు.

"మా ఆమె సార్, పుష్పమ్మ," అన్నాడు బిక్షం. "ఆమె చాలన్నంకనే నేను బట్ట ముంచుత."