నల్ల పెన్ను, నీలం టిక్కు

మా ఇంట్లో సరుకుల చీటీ రాసేది నేను. టిక్కులు పెట్టేది మురళి. పెళ్లయిన పదమూడేళ్లుగా ఇదే వరస. కందిబేడలు, చింతపండు, బట్టల సోపు అని నేను రాసి పెడితే, పొద్దున కాఫీ తాగుతూ ఆయన తేవాల్సిన వాటికి టిక్కు పెడతాడు. పెట్టనివి ఆ నెలకు రావు. ధర్మవరంలో పట్టుచీరల అంగడిలో గుమాస్తా కదా, రోజూ జాబితాలకు టిక్కులు పెట్టి పెట్టి అలవాటైన చేయి. తోక పొడుగ్గా లాగి చివర ఒక చుక్క పెడతాడు. కొబ్బరినూనె పక్కన ఆ చుక్క పడుతుందా లేదా అని నేను తొంగి చూసిన నెలలు చాలా ఉన్నాయి. "ఈ నెలకు సర్దుకోరాదా ప్రమీలా" అంటాడు. కోపంగా కాదు, మెల్లగా. అలా మెల్లగా అడిగే మనిషితో నూనె కోసం ఏం పోట్లాడతాం?

ఆ సోమవారం చీటీ రాస్తుంటేనే బ్యాంకు నుంచి కవరు వచ్చింది.

నాకంటూ ఒక డిపాజిట్ ఉంది. చీరలకు కుచ్చులు కట్టి కూడబెట్టింది. కూతురు కీర్తనను బడికి పంపి, అత్తకు మందులిచ్చి, వంట ముగించి, గడప దగ్గర వెలుతురులో కూర్చుని కట్టేదాన్ని. చీరకు పన్నెండు రూపాయలు. నేను లేచేసరికి నడుం పట్టేసేది. "కూర్చుని చేసే పనే కదా" అనేది అత్త. అలా పోగైన పదివేలు 2002లో మూడేళ్లకు వేశాను. గడువు తీరగానే నా ఖాతాలో పడతాయన్న ధైర్యంతో హిందూపురం వెళ్లి, చీరలకు ఫాల్ కుట్టే జిగ్‌జాగ్ మిషన్ చూసుకుని, దుకాణం సుబ్బారావుగారికి తొమ్మిదివేలకు చెక్కు రాసిచ్చాను. నా జీవితంలో మొదటి చెక్కు. సంతకం రెండుసార్లు సరిచూసుకుంటుంటే, పెద్దాయన చూడనట్టు ఫ్యాను వైపు చూశాడు.

తీరా ఆ కవరు విప్పి చూస్తే, గడువు నాటికి డిపాజిట్ దానంతట అదే ఇంకో మూడేళ్లకు మారిపోయింది. ఖాతాలో మిగిలింది ఎనిమిది వందలు. పాత ఖాతా కదా అని బ్యాంకువాళ్లు చెక్కు పాస్ చేసి, ఆ లోటుకు ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీ, వడ్డీ కలిపి ఆరువందల నలభై వేశారు. యాభై చీరల కుచ్చులకు పైమాటే.

"కట్టేద్దాం లే" అన్నాడు మురళి, కవరు వైపు చూడకుండా. "అంగడి దుడ్డు కట్టడానికి నేను వారంవారం పోతాండే చోటు. వాళ్లతో మనకేల తగువు?"

అయినా వెళ్లాను. కౌంటరులో అతను కాగితం చూసి, "మీ ఆయన్ను పంపించమ్మా, ఆయప్పకైతే చెప్తే అర్థమవుతాది" అన్నాడు. గ్యాస్ ఆఫీసులో, కరెంటాఫీసులో, కీర్తన బడిలో కూడా ఇదే మాట. విని విని ఒళ్లు మండింది.

"నాకే చెప్పండి. నాకూ అర్థమవుతాది" అన్నాను. నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది గొంతు. లోపలి టేబుల్ దగ్గర ఆఫీసరు ఎస్తేరు మేడం తలెత్తి చూసి రమ్మంది.

ఆమె బీరువాలోంచి నా పాత ఫారం తీయించింది. అంతా నా గుండ్రటి రాత, నల్ల ఇంకు. గడువు తీరాక ఏం చేయాలన్న వరస మాత్రం నేను వదిలేశాను. ఖాళీగా ఉంటే ఖాతాలోనే పడుతుందని అప్పటి బ్యాంకు గుమాస్తా చెప్పాడు. ఇప్పుడది ఖాళీగా లేదు. 'మళ్లీ డిపాజిట్' అన్న చోట నీలం ఇంకుతో టిక్కు ఉంది. పొడుగాటి తోక, చివర చుక్క.

"మీరు పెట్టిందేనామ్మా?" అంది మేడం.

ఆ చుక్క మీద వేలు పెట్టి చూశాను. డిపాజిట్ వేసిన ఏడాదే అన్నం తింటూ అన్నాడు మురళి: "దుడ్డు చేతికొస్తే ఎవురేడ్చినా ఇచ్చేస్తావు నువ్వు. బ్యాంకులోనే ఉంటే మన పాపకు పనికొస్తాది." నవ్వుకున్నాను అప్పుడు. నా గురించి అంత ఆలోచిస్తాడని మురిసిపోయాను కూడా. ఆలోచిస్తాడు, అబద్ధం కాదు. నాకు టైఫాయిడ్ వస్తే ఇరవై రోజులు అంట్లు తోమి, చిక్కులు తీసి జడ వేసిన మనిషి. తెలిసినవాడని ఎవరో ఈ ఫారం ఆయన చేతికి ఇచ్చి ఉంటారు. కొబ్బరినూనెకు ఆలోచించినట్టే దీనికీ ఆలోచించి పెట్టేశాడు. ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది.

మేడం నీళ్లగ్లాసు నా వైపు జరిపింది. "మీది కాదని రాసిస్తే తప్పు మాదే. చార్జీ వెనక్కేస్తాం, డిపాజిట్ విడిపిస్తాం. కానీ ఎవరు పెట్టినారో తెలిస్తే అది కూడా రాయాల. మురళిగారు మాకందరికీ తెలిసినాయన. పేరు కాగితం మీదికొస్తాది. ఇట్లాంటివి వచ్చినప్పుడు చానామంది కట్టేసి పోతారమ్మా. మీ ఇష్టం."

ఆరువందల నలభై కట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. శనివారం ఆయన ఎప్పటిలా వచ్చి, అందరినీ పలకరించి, డబ్బు కట్టి వెళ్తాడు. నేను కుచ్చులు కట్టుకుంటాను. చీటీ రాస్తాను. టిక్కు కోసం తొంగి చూస్తాను.

సంచీలోంచి చీటీలు రాసే నల్ల పెన్ను తీశాను. తెలుగులోనే రాశాను. నాలుగు వాక్యాలకు చాలాసేపు పట్టింది.

మేడం చదివి, ఒక వాక్యం దగ్గర వేలు పెట్టింది. "'నా మంచి కోరే పెట్టాడు' అన్నది ఫిర్యాదులో అక్కర్లేదమ్మా. కొట్టేద్దామా?"

"వద్దు మేడం, ఉండనీండి. అదీ నిజమే" అన్నాను. "దాని కిందిది కూడా చదవండి."

దాని కింద రాసింది ఇది: 'కానీ నన్ను అడగలేదు.'