గొంతులో బరువు

"ఆ బియ్యం తర్వాత ఏరుకుందువు, వచ్చి ఈ గొంతు సంగతి సూడు," అని వంటింట్లోకి తొంగిచూసి మహితతో చెప్పిపోయాడు హరినాథ్. తిరుచానూరు రోడ్డులోని వాళ్ల ఇంటి ముందుగదే పాటల రికార్డింగ్ స్టూడియో. బోర్డు మీద పేరు అతనిది. పెళ్లయ్యాక అతని పక్కన కూర్చుని నేర్చుకున్న మహితే ఇప్పుడు మిక్సింగంతా చేస్తుంది. వచ్చినవాళ్లతో మాత్రం, "మా ఇంటామె. ఊరికే సాయానికి కూర్చుంటాది," అంటాడు. వినీ వినీ, తను చేసేది పనేనా అని ఆమెకే అనుమానం వచ్చేది.

ఆరోజు అమ్మవారి పాటలు పాడింది చంద్రకాంతమ్మ. వరినాట్లలో, పెళ్లిళ్లలో పాడి రాటుదేలిన బొంగురు గొంతు. పాటలు తీయిస్తున్న రవిచంద్ర మొహం చిట్లించాడు.

"ఆడగొంతు మాదిరి లేదప్పా. ఆ బరువు తీసేయండి."

"ఈక్వలైజర్‌లో గొంతు అడుగునుండే బొంగురు శబ్దం కోసేస్తే సరి," అన్నాడు హరినాథ్.

"గది మోత కొంచెం కలిసింది. అది మటుకు తగ్గిస్తే చాలు. ఇంకా కోస్తే ఆమె గొంతే పోతాది," అంది మహిత.

"నిన్నెవురడిగినారు? చెప్పింది చెయ్యి."

చేసింది. బరువంతా కోసి, సన్నటి పై శబ్దానికి మెరుపు పెంచింది. కాపురానికొచ్చిన కొత్తలో అత్త, "మగోళ్లుండారు, మెల్లిగా నవ్వు," అన్న మాట గుర్తొచ్చింది. ఎప్పుడు నవ్వడం మానేసిందో మాత్రం గుర్తు రాలేదు.

స్పీకర్లలోంచి సన్నని, తియ్యని గొంతు వచ్చింది. చంద్రకాంతమ్మ పాటంతా విన్నది.

"బాగుండాది. ఎవురు పాడినారు?"

"నువ్వే అవ్వా. బాగు చేసినాం," అని నవ్వాడు రవిచంద్ర.

ముసలామె చేయి తన గొంతు మీదికి పోయింది. "దీనికేమైందని?"

మహిత తలెత్తలేకపోయింది. కోసింది తన చెయ్యే. ఆ కోతలన్నీ తీసేసి, గది మోత ఒక్కటే తగ్గించి మళ్లీ వినిపించింది. ఈసారి చంద్రకాంతమ్మ పెదాలు పాటతోపాటు కదిలాయి.

"లే ఆడనించి," అన్నాడు హరినాథ్.

కుర్చీలో తను కూర్చుని, బరువంతా మళ్లీ కోసేశాడు. ఇన్నాళ్లూ అతను ఈ పని చేయనిది చేతకాక కాదు, అవసరం పడకంతే. పాట అట్లాగే వెళ్లిపోయింది, అతని పేరుతో.

చంద్రకాంతమ్మను ఆటో ఎక్కించడానికి గేటు దాకా వెళ్లింది మహిత.

"నా వల్ల నీకు మాట వచ్చె గదమ్మా," అందామె.

"అదేం లేదవ్వా," అంది మహిత. ఆటో కదలబోతుంటే కడ్డీ పట్టుకుని ఆపింది.

"మీ ఊర్లో నాకొక్కదానికే ఒక ఇల్లు బాడుగకు సూడవ్వా."