మెడ వంగే మిషన్

“ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము సూసినవా? మంచం కింద గూడ గంతే ఉన్నది,” అంది అత్త సోఫాలో కూర్చుని. విమల స్టూలెక్కి రెక్కలు తుడిచింది. దిగుతూ పడింది. మణికట్టు విరిగింది. తొర్రూరు బజారులో మోటార్లు బాగుచేసే భర్త శశిధర్ వచ్చి మొదట అడిగిన మాట, “స్టూల్ ఇరిగిందా?”

కట్టు విప్పాక ఆమె దుకాణం వెనక పాత సామాన్లు వెతికింది. ఓ మోటారు, రెండు పైపులు, టేబుల్ ఫ్యాన్ మెడ దొరికాయి. నాలుగు నెలల్లో దుమ్ము పీల్చే మిషన్ చేసింది. మెడ నిటారుగా ఉంటే పైపు సీలింగ్ ఫ్యాన్ దాకా అందుతుంది. మీట నొక్కితే మెడ వంగి మంచం కిందికి పోతుంది. కింద వాడేటప్పుడు చాపను లాగేయకుండా పైపుకు రంధ్రం పెట్టింది. పైకెత్తినప్పుడు దాన్ని బొటనవేలితో మూయాలి. లేకపోతే గాలి చాలక దుమ్మంతా మీదే పడుతుంది.

శశిధర్ దాన్ని ఒక్కసారి చూశాడు. మహబూబాబాద్‌లో కొత్త పరికరాల ప్రదర్శన ఉందని తెలిసి దరఖాస్తులో తన పేరు రాశాడు.

“మోటార్ల దుకాణం నాది. నీ పేరు రాస్తే ఎవడన్న నమ్ముతడా? నువ్వు అచ్చి పక్కపొంటి నిలబడు.”

విమల వాదించలేదు. పదహారేళ్లలో ఏ వాదనా గెలవలేదు. కూర కుదిరితే మా అమ్మ నేర్పిందనేవాడు, మాడితే మీ అమ్మ నేర్పలేదా అనేవాడు. ఈసారి ఏదీ చెప్పకూడదనుకుంది. రంధ్రం సంగతి అసలే చెప్పకూడదు. ప్రదర్శన రోజు పొద్దున అతనికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

జడ్జిగా వచ్చిన మేడం హాల్లోని ఫ్యాన్ ఆపించింది. శశిధర్ పైపు ఎత్తాడు. దుమ్ము అతని కళ్లలో, నోట్లో, చొక్కా మీద పడింది.

“అన్నా, మిషన్ నీకే పౌడర్ కొట్టింది గదనే!” అన్నారెవరో. హాలంతా నవ్వింది.

“గిట్లెందుకైందే?” దగ్గుతూ అడిగాడు శశిధర్.

విమల పైపు అందుకుంది. రంధ్రం మూసి మిగతా రెండు రెక్కలు శుభ్రం చేసింది. నలుసు రాలలేదు.

“ఈ రంధ్రం ఎవరు పెట్టారమ్మా?”

“నేనే మేడం. మిషన్ మొత్తం నేనే చేసిన.”

“ఇద్దరం చేసినమను,” గొణిగాడు శశిధర్.

“మేడం, ఆ పేరు కొట్టేయుండ్రి. విమల అని రాయుండ్రి. ఒక్క పేరే.”

మేడం కలం తీసి కొట్టేసింది. “బల్ల కింద కూడా చూపించండి,” అంది.

“గా బల్ల కింద నేను సూపెడ్త,” అని శశిధర్ పైపు లాక్కున్నాడు. విమల వదిలేసింది. మెడ ఎట్లా వంగుతుందో అతను అడగలేదు. ఆమె చెప్పలేదు. అతను అటూ ఇటూ తిప్పి, చివరికి తనే వంగాడు, మోకాళ్లూనాడు, అందరి ముందూ బల్ల కిందికి దూరాడు.

విమల చేతులు కట్టుకుని వెనక నిలబడింది.

“ఆ మూలకు జర మిగిలింది,” అంది.