లోపల వదిలిన గుడ్డ

కూపీ వదినకు ఆ పేరు పెట్టింది ఆమె ఆడపడుచే. పెళ్ళయిన కొత్తలో బస్సెక్కి, పక్క సీట్లో కూర్చున్న ముసలావిడ దిగేలోపు ఆవిడ కోడళ్ళ పుట్టినిళ్ళు, అల్లుడి జీతం, మోకాలి నొప్పికి రాసుకునే నూనె సహా మొత్తం కూపీ లాగిందని ఇల్లంతా నవ్వుకున్నారు. అందులో నవ్వడానికేముందో వదినకు ఇప్పటికీ అర్థం కాదు. పక్కన మనిషి కూర్చుంటే పలకరించాలి, పలకరించాక నాలుగు సంగతులు అడగాలి. ఊరుకుంటే ఆ మనిషిని బియ్యం బస్తాతో సమానం చేసినట్టు కాదూ?

అలాంటి మనిషిని తీసుకొచ్చి పరాయి దేశంలో పడేశారు. ఆమె భర్తకు అక్కడ ఒక గిడ్డంగిలో ఉద్యోగం దొరికింది. ఆడపడుచు అప్పటికే చాలా ఏళ్ళుగా ఆ ఊళ్ళోనే కాపురం ఉంటోంది. విమానం దిగిన వదినను కారెక్కించుకుని, దారిలోనే పాఠం మొదలుపెట్టింది.

"వదినా, నీకు దణ్ణం పెడతాను. ఇక్కడ ఎవర్నీ ఏమీ అడక్కు. జీతమెంత, పిల్లలెందరు, ఒంట్లో ఏమిటి, ఇవేవీ అడక్కూడదు."

"మరేం మాట్లాడాలి?"

"ఎండా వానా గురించి మాట్లాడు."

"అది కిటికీలోంచి కనపడుతూనే ఉంటుందిగా. మాట్లాడటానికేముంది?"

"అందుకే మాట్లాడాలి. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు" అంది ఆడపడుచు.

వదిన ఆ మాట నమ్మలేదు. మొదటి వారంలోనే లిఫ్టులో ఎదురింటావిడను పట్టుకుని, "మీవారు రెండ్రోజులుగా కనపడట్లేదే?" అంది, తనకొచ్చిన నాలుగు ముక్కల భాషలో. ఆవిడ నవ్వి ఊరుకుంది. మర్నాటి నుంచి మెట్లు దిగి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ దెబ్బతో వదిన నోరు కుట్టేసుకుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి అలా గమ్మున కూర్చుంటే చూసేవాళ్ళకే జాలేసేది. ఆడపడుచు మాత్రం ఎంతో మెచ్చుకుంది.

కుట్టుపని తెలుసు కాబట్టి వదినకు బట్టలు సరిచేసే దుకాణంలో పని దొరికింది. పొడుగైన ప్యాంట్లు మడిచి కుట్టడం, తెగిన జిప్పులు మార్చడం, చేతులు కురచ చెయ్యడం. ముందు గదిలో యజమాని కూర్చునేవాడు. వెనక గదిలో రెండు మిషన్లు, మధ్యలో కత్తిరించే బల్ల, గోడవారన ఇస్త్రీ పెట్టె. రెండో మిషను మీద కుట్టేది ఒక పొడుగావిడ. జుట్టు నెరిసింది, కళ్ళజోడు దారంతో మెడలో వేలాడేది. ఆవిడ కుట్టు చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించేది.

పొద్దున్నే ఆవిడ "ఈరోజు చలిగా ఉంది" అనేది. వదిన "అవును, చలిగానే ఉంది" అనేది. అంతటితో సరి. పగలంతా రెండు మిషన్లే మాట్లాడుకునేవి. మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్ళు విప్పుకుని తినేవాళ్ళు. ఒకరితో ఒకరు మాట్లాడకుండా అన్నం ఎలా అరుగుతుందో వదినకు తెలిసేది కాదు. ఈ ఊళ్ళో ఒక్క మనిషి, మనసు విప్పి మాట్లాడుకునే ఒక్క మనిషి దొరికితే చాలనిపించేది. దొరికితే ఈ పొడుగావిడే దొరకాలి, ఇంకెవరూ కనుచూపు మేరలో లేరు.

అప్పుడు కోటు వచ్చింది.

మందపాటి గోధుమరంగు కోటు, మగవాళ్ళది. దుకాణానికొచ్చే ప్రతి బట్టకూ గిరాకీదారు పేరున్న చీటీ పిన్నుతో గుచ్చి ఉంటుంది. దీనికి లేదు. పొడుగావిడ టీ వేళ ఆ కోటును మధ్య బల్ల మీద పరిచి, పక్కకుట్లు విప్పి, రెండు వేళ్ళ మందాన లోపలికి పట్టి కుట్టింది. వదిన ఓరకంట చూసి ఊరుకుంది. కొన్ని వారాలకు అదే కోటు మళ్ళీ వచ్చింది. మళ్ళీ లోపలికి పట్టింది. తర్వాత మూడోసారి.

వదినకు కడుపు ఉబ్బిపోయింది. భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. "ఏమండీ, కోటు మళ్ళీ వచ్చింది."

"వస్తే రానీ. నువ్వు కూర వడ్డించు."

"ఎవరిదై ఉంటుందంటారు? కొడుక్కి పెళ్ళేమో, పెళ్ళికని సన్నబడుతున్నాడేమో."

"అడగరాదూ?"

"మీ చెల్లెలు ఊరుకుంటుందా?"

ఆడపడుచుకు ఫోను చేస్తే, "అడిగావంటే ఆవిడ యజమానితో చెప్తుంది, ఉన్న పనీ ఊడుతుంది" అంది. వదిన మళ్ళీ నోటికి ఇంకో వరస కుట్టు వేసుకుంది.

కానీ కళ్ళు ఎవరి మాటా వినవు కదా. కోటు నాలుగోసారి వచ్చినప్పుడు పొడుగావిడ జేబులోంచి ఒక తాడు తీసింది. దానికి ముడులు వేసి ఉన్నాయి, ఒక్కో ముడీ వెనకటి ముడికి ఇవతలగా, కొలత తగ్గుతూ. అన్నిటికన్నా కొత్త ముడిదాకా తాడును కోటు మీద ఆనించి సుద్దతో గీత గీసింది. ఆ గీత చూసి వదిన చేతిలో సూది ఆగిపోయింది. మెలకువగా ఉన్న మనిషిని టేపుతో కొలుస్తారు. నిద్రలో ఉన్న మనిషినైతేనే, లేపకుండా, నడుం చుట్టూ మెల్లగా తాడు పోనిచ్చి కొలుస్తారు. పెళ్ళికి సన్నబడే కొడుకును నిద్రలో కొలవాల్సిన పనేముంది?

అడగాలని గొంతుదాకా వచ్చింది. ఎదురింటావిడ మెట్లు దిగి వెళ్ళడం గుర్తొచ్చింది. "ఈరోజు కాస్త ఎండ వచ్చింది" అంది వదిన, తన మీద తనకే అసహ్యం వేసేలా.

పొడుగావిడ ఆమెను ఒక్క క్షణం చూసి, "అవును, వచ్చింది" అని తల వంచుకుంది.

కుట్టడం అయింది. లోపలివైపు మిగిలిన గుడ్డ రెండు పక్కలా బెత్తెడు చొప్పున వేలాడుతోంది. ఆవిడ పెద్ద కత్తెర తీసుకుంది. దాన్ని కోసి పారేయబోతోందని అర్థమవగానే వదిన చెయ్యి తనంతట తనే వెళ్ళి ఆ గుడ్డ మీద పడింది.

"కొయ్యకండి."

పొడుగావిడ కత్తెర ఆపి చూసింది.

"రేపు ఆయనకు మళ్ళీ ఒళ్ళొస్తే దేన్ని విప్పి వదులు చేస్తారు?"

అనేశాక గానీ ఏమన్నదో వదినకు తెలియలేదు. అయిపోయింది, ఉద్యోగం హరీమన్నట్టే అనుకుంది. పొడుగావిడ కత్తెర బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. కళ్ళజోడు తీసేసింది.

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

"మళ్ళీ ఒళ్ళొస్తే అన్నాను."

"ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. డాక్టరు కూడా అనలేదు."

కోటు ఆవిడ భర్తది. జబ్బు చేసి మనిషి నానాటికీ చిక్కిపోతున్నాడు. పొద్దున్నే ఆ కోటు వేసుకుని, అద్దంలో చూసుకుని, వీధి చివరిదాకా నడిచి రావడమొక్కటే ఆయనకు మిగిలిన సరదా. కోటు వేలాడుతూ కనపడితే ఆ అడుగు కూడా పడదని, ఆయన నిద్రపోయాక కొలిచి, తెలియకుండా బిగిస్తోంది. ఇప్పుడు లోపలి గుడ్డ ఎక్కువై చేతికి ఎత్తుగా తగులుతోంది. తెలిసిపోతుందని కోసేయబోయింది.

"నా మిషను పక్కన పెట్టుకునైనా కుట్టుకోవచ్చు. కావాలనే మధ్య బల్ల మీద పరిచేదాన్ని, నీ కళ్ళ ముందు" అంది పొడుగావిడ. "ఇదెవరిదని ఒక్కసారైనా అడుగుతావేమోనని. నీకు పట్టదనుకున్నాను."

వదిన పుట్టి బుద్ధెరిగాక ఎన్నో నిందలు మోసింది. ఎవరి సంగతీ పట్టని మనిషన్న నింద మాత్రం ఇదే మొదలు. దుఃఖమూ వచ్చింది, ఆడపడుచు మీద ఒళ్ళు మండుకొచ్చింది కూడా. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, అడగందే మనిషి చెప్పుకోలేదన్న సంగతి ఇన్నాళ్ళూ మరిచి కూర్చున్నందుకు తన మీదా కోపమొచ్చింది.

ఇక గేట్లెత్తేసినట్టు, వచ్చిన ముక్కలతో, రానిచోట చేతులతో అడిగింది. జబ్బు ఎప్పట్నుంచి? ముద్ద దిగుతోందా? పిల్లలేరీ, వస్తారా? మీరు పనికొస్తే పగలు ఎవరు చూస్తారు? మరి మీరు తింటున్నారా? పొడుగావిడ ఒక్కోదానికీ జవాబు చెబుతూ, మధ్యలో ఏడ్చింది, ఒకచోట నవ్వింది కూడా.

అడుగుతూనే వదిన కోటు తన వైపు లాక్కుంది. వాళ్ళమ్మ జాకెట్లు కుట్టేటప్పుడు లోపల బోలెడు గుడ్డ వదిలి, పక్కన మూడు వరసల కుట్లు వేసేది. "పెళ్ళినాటి జాకెట్టు పిల్లలు పుట్టాక కూడా పట్టిందంటే అది ఒంటి గొప్ప కాదే, లోపల వదిలిన గుడ్డ గొప్ప" అనేది. వదిన మిగులు గుడ్డను మడత లేకుండా పరిచి, ఆవిరి ఇస్త్రీతో అణిచి, చేతికుట్టుతో అస్తరు కింద పట్టేసింది. పక్కలకు మూడు వరసలు వేసింది, మనిషి కొంచెం కొంచెంగా తేరుకుంటే ఒక్కో వరసా విప్పుకోవడానికి. పొడుగావిడ చెయ్యి పెట్టి తడిమి చూసింది. ఎత్తు తగల్లేదు.

"నీకిది ఎవరు నేర్పారు?" అని అడిగింది ఆవిడ. "మీ అమ్మగారా? ఉన్నారా ఆవిడ? మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

ఆ దేశంలో దిగాక తన గురించి ఎవరైనా ఒక్క ప్రశ్న అడగడం అదే మొదటిసారని వదినకు అప్పుడు తట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, వాళ్ళమ్మ దగ్గర మొదలుపెట్టింది. యజమాని వచ్చి రెండుసార్లు దగ్గినా ఆపలేదు.

ఆ తర్వాత ఆ గదిలో ఎండా వానా ఊసు ఎవరూ ఎత్తలేదు. చలి పోయింది. చాలా రోజులు కోటు రాలేదు. దాని గురించి ఒక్కటే వదిన అడగలేకపోయింది. ఆయనెలా ఉన్నారని రోజూ అడిగేది, "అలాగే ఉన్నారు" అని ఆవిడ రోజూ చెప్పేది.

మళ్ళీ చలి మొదలైన ఒక పొద్దున పొడుగావిడ సంచిలోంచి గోధుమరంగు కోటు తీసి మధ్య బల్ల మీద పరిచింది. వదిన దగ్గరకు వెళ్ళి, చేతులు రెండూ బల్ల మీద ఆనించుకుంది.

"లోపలికా, బయటికా?"

పొడుగావిడ కుట్లు విప్పే కొక్కెం వదిన చేతిలో పెట్టింది. "మొదటి వరస" అంది. "అదొక్కటే. మిగతావి ఉంచు."

వదిన కళ్ళు తుడుచుకుని దారం కొస వెతికింది. మొదటి కుట్టు తెగగానే, "ఇంతకీ ఈమధ్య ఏం పెడుతున్నారేమిటి ఆయనకు? మొత్తం చెప్పండి, పొద్దుటి నుంచి" అని మొదలుపెట్టింది.