బస్సు సీను

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అతన్ని అందరూ ఇంటర్వెల్ అని పిలిచేవారు. ఏ సినిమాకి వెళ్లినా ఇంటర్వెల్లోనే తీర్పు చెప్పేసి, మిగతా సగం ఆ తీర్పు నిలబడుతుందా లేదా అని చూడటానికే కూర్చునేవాడు. అలా వచ్చిన పేరది. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

అతనితో జతగా పనిచేసేవాణ్ణి గుండు అనేవారు. నాలుగైదేళ్లుగా ఇద్దరూ కలిసే తిరుగుతున్నారు. మేడపైన మోటారు గదిలో ఒకడు బ్రేకు విప్పుతుంటే, ఇంకొకడు టార్చి పట్టుకుని సినిమా సంగతులు ఎత్తాలి. అది వాళ్ల మధ్య ఎవరూ రాసుకోని ఒప్పందం.

"మొన్నటి పోలీసు సినిమా ఎలా ఉందన్నా?" అని అడిగేవాడు గుండు.

"మొదటి సీన్లో ఏడ్చాడు. సరే, పెళ్లాం పోయింది, ఏడవాలి. రెండో సీన్లోనూ ఏడ్చాడు. చివరికి హంతకుడు దొరికితే, అప్పుడూ ఏడ్చాడు. నాకు జాలేసింది."

"పోలీసు మీదా?"

"కెమెరా పట్టుకున్నవాడి మీద. అద్దం తుడుచుకోలేక చచ్చుంటాడు."

"మరి ఆ వంటవాడి పగ సినిమా?"

"వంటవాడు బాగానే చేశాడు. పగే ఉడకలేదు."

గుండు నవ్వితే ఆ ఇరుకు గది మారుమోగేది. కింద లిఫ్టు కోసం నిలబడ్డవాళ్లు తలలెత్తి చూసేవారు. ఇక రీమేకుల మాటొస్తే మాత్రం ఇంటర్వెల్ స్పానరు పక్కన పెట్టి మరీ చెప్పేవాడు. "రీమేకు తీసేవాళ్లందరికీ ఒకటే జబ్బు. పాతదాంట్లో ఏది బాగుందో వెతికి మరీ దాన్ని తీసేస్తారు. ఆ తల్లి సినిమా చూడు. అందులో ఆవిడ నోరు మెదపకుండా కూర్చోవడమే సినిమా. రీమేకులో ఆవిడ చేత పాట పాడించారు. వానలో. ఆ వయసులో జలుబు చెయ్యదా?"

ఒకరోజు పొద్దున ఒక ఆస్పత్రిలో లిఫ్టు తలుపు సరిచేస్తున్నారు. గుండు ఫోను చూసుకుంటూ అన్నాడు. "అన్నా, నీకు మేత దొరికింది. తమ్ముడి పెళ్లికి బయల్దేరి తప్పు బస్సెక్కి ఊరంతా తిరుగుతాడే, ఆ పాత సినిమా. అది మళ్లీ తీశారంట. వచ్చేవారం విడుదల."

ఇంటర్వెల్ తలుపు కింది గాడిలో చిక్కుకున్న చెత్తని స్క్రూడ్రైవరుతో గీకుతూ ఉండిపోయాడు. గాడి శుభ్రపడ్డాక కూడా గీకుతూనే ఉన్నాడు.

"ఏంటన్నా, ఆ సినిమా నచ్చదా?"

"చూశానెప్పుడో," అన్నాడు.

ఆ సినిమాలో అతని కూతురుంది. ఆ సంగతి గుండుకి తెలియదు. కూతురొకతె ఉండేదన్న సంగతే తెలియదు.

అప్పట్లో అతని బావమరిది సినిమా సెట్లకి చెక్కపని చేసేవాడు. బస్సులో మాట్లాడే పాప కోసం తీసుకొచ్చిన అమ్మాయి లైట్లు చూసి జడుసుకుని వాళ్లమ్మ చంక దిగలేదు. అందరూ తలలు పట్టుకుంటే, "మా మేనకోడలుంది, దానికి జంకూ గొంకూ లేదు" అని బావమరిది పరుగున వచ్చి పిల్లని, తల్లిని తీసుకెళ్లాడు. సీను చాలా చిన్నది. హీరో చెమటలు కక్కుకుంటూ బస్సెక్కి కూర్చుని, పక్కవాడికి తన పోయే చోటు గొప్పగా చెబుతుంటాడు. ముందు సీట్లోంచి ఒక పాప వెనక్కి తిరిగి, గడ్డం సీటు మీద ఆనించి, తాపీగా అంటుంది. "ఈ బస్సు అటు వెళ్లదంకుల్." అంతే. అక్కణ్ణుంచే కథంతా మొదలవుతుంది.

అప్పటికి పిల్లకి ముందు పళ్లు రెండూ ఊడిపోయి ఉన్నాయి. బస్సు అనమంటే బత్తు అనేది. సెట్లో అందరూ పడీపడీ నవ్వారు గానీ, తర్వాత ఆ మాట పనికిరాదని పిల్లల పాత్రలకి డబ్బింగు చెప్పే ఒకావిడ చేత చెప్పించారు. సినిమా హాల్లో కూతురి నోట్లోంచి ఎవరిదో గొంతు రావడం చూసి తల్లి మొహం చిన్నబోయింది. కూతురు మాత్రం ఏమీ అనుకోలేదు. "నా పళ్లొచ్చాక మళ్లీ నేనే చెప్తా" అంది.

పళ్లొచ్చాయి. ఆ మరుసటి ఏడాదే జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేనన్నారు. అది మెదడుకి పాకిందని తెలిసేసరికి పిల్ల దక్కకుండా పోయింది.

ఆ తర్వాతే అతనికి సినిమాల పిచ్చి పట్టింది. మొదట్లో ఆ ఒక్క సినిమా కోసమే హాలుకి వెళ్లేవాడు. అది తీసేశాక వేరే సినిమాలకి వెళ్లాడు. చీకట్లో కూర్చుంటే ఎవరూ పలకరించరు. బయటికొచ్చాక ఎవరైనా పలకరిస్తే మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది. భార్య ఆ సినిమా మళ్లీ చూడలేదు. అతను ఇంట్లో టీవీలో పెట్టుకుంటే, ఆవిడ కుట్టుపని పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయేది. బట్టల దుకాణంలో ప్యాంట్లకి, గౌన్లకి అంచులు మడిచి కుట్టడం ఆవిడ ఉద్యోగం. మిగిలిన పని ఇంటికి తెచ్చుకునేది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే అతను చెప్పులు కూడా విడవకుండా టీవీ పెట్టాడు. ఎప్పుడూ ఉండే చోట సినిమా లేదు. పేరు కొట్టి వెతికితే "ఈ చిత్రం ప్రస్తుతం అందుబాటులో లేదు" అని వచ్చింది. ఇంకో చోట వెతికితే కొత్త సినిమా బొమ్మ వచ్చింది. కొత్త హీరో కొత్త బస్సులోంచి చెయ్యి ఊపుతున్నాడు. చెప్పులతోనే సోఫాలో కూర్చున్నాడు.

బావమరిదికి ఫోను చేశాడు. అతను సినిమాలు ఎప్పుడో మానేసి వంటిళ్లకి అల్మారాలు బిగించుకుంటున్నాడు.

"రీమేకు తీసేవాళ్లు పాతదాని హక్కులు కూడా కొనేస్తారు బావా," అన్నాడు. "పోలిక రాకూడదని పాతది అన్ని చోట్లా తీయించేస్తారు. మామూలే ఇది."

"మళ్లీ పెడతారా?"

"ఎందుకు పెడతారు?" అన్నాడు బావమరిది. "నీ దగ్గర డిస్కు ఉండాలిగా."

"ఎప్పుడో గీతలు పడి పోయింది. ఎలాగూ టీవీలో వస్తోందని ఊరుకున్నాను."

"సరే, నేను వెతుకుతాను. మా అక్కకి మాత్రం చెప్పకు."

అక్క తలుపు దగ్గరే నిలబడి వింటోంది. "అది ఉన్నా లేకపోయినా నాకొకటే," అని సూదిలోకి దారం ఎక్కించుకుంటూ వెళ్లిపోయింది.

రీమేకు వచ్చిన వారం, ఒక పని తొందరగా తెమిలితే, గుండు బలవంతం మీద ఇద్దరూ మధ్యాహ్నం ఆటకి వెళ్లారు. నిజానికి బలవంతం చెయ్యకపోయినా అతను వెళ్లేవాడే. ఎవరో ఒక పిల్ల ఆ సీట్లో కూర్చుని వెనక్కి తిరుగుతుంది, ఆ మాట అంటుంది. దాన్ని తట్టుకోవాలని వారంరోజులుగా మనసుని రాయి చేసుకుంటున్నాడు. ఆ పిల్ల ముద్దుగా ఉంటే ఎలా, లేకపోతే ఎలా అని రెండు విధాలా ఆలోచించి పెట్టుకున్నాడు.

బస్సొచ్చింది. హీరో ఎక్కాడు. పక్కవాడితో గొప్పలు మొదలుపెట్టాడు. ఇంటర్వెల్ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. ముందు సీట్లో ఎవరూ లేరు. హీరో జేబులోంచి ఫోను తీశాడు. అందులోంచి ఒక ఆడగొంతు, చల్లగా, "మీరు వెళ్లే దారి ఇది కాదు" అంది. హీరో మాటలు తడబడ్డాయి. ఫోను ఆ మాటే మళ్లీ అంది. పక్కవాడు మెల్లగా మొహం తిప్పుకున్నాడు. హాలంతా ఘొల్లుమంది. గుండు తొడ చరుచుకుని మరీ నవ్వాడు.

సీను బాగుంది. అదే అతని ప్రాణం తీసింది. చెత్తగా తీసుంటే తిట్టుకోవచ్చు, రేపు మోటారు గదిలో దాని గాలి తీసేయొచ్చు. ఇన్నేళ్లుగా సినిమాలు చూసిచూసి పదునెక్కిన బుర్ర, అతను వద్దంటున్నా వినకుండా, ఇదే నయం అంటోంది. ఈ కాలంలో తప్పు బస్సెక్కినవాడికి ఫోనే చెబుతుంది, పాప ఎందుకు చెబుతుంది? పాప అక్కర్లేదు. తీసేసినా కథకి ఏ లోటూ రాలేదు.

ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి. గుండు అతని మొహంలోకి చూశాడు. "చెప్పన్నా, తీర్పు."

"బాగానే ఉంది."

"నువ్వేనా ఆ మాటంటున్నది? రీమేకుని?"

"ఆ బస్సు సీన్లో, పాతదాంట్లో ఒక పాప ఉండేది," అన్నాడు ఇంటర్వెల్.

గుండు నుదురు చిట్లించి ఆలోచించాడు. "ఏమో అన్నా, నాకు గుర్తులేదు. అయినా ఫోనే బాగుంది కదా, నవ్వొచ్చింది. ఏం, ఆ పాప బాగా చేసిందా?"

అది నా కూతురేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే గుండు నవ్వు ఆగిపోతుంది, క్షమించన్నా అంటాడు, రేపట్నుంచి టార్చి పట్టుకుని ఏం మాట్లాడాలో తెలియక నిలబడతాడు. "ఏదో, చిన్న సీను," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య బల్ల దగ్గర ఒక గౌను అంచు కుడుతోంది. తలెత్తకుండా అడిగింది. "ఎవరు చేశారు దాని వేషం?"

ఆవిడ అడుగుతుందని అతను అనుకోలేదు. "ఎవరూ లేరు. ఆ మాట ఫోను చెప్పింది."

ఆవిడ సూది ఆగింది. "ఫోనా?" అంది. మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

అతను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దారంతా ఒకటే పని చేస్తూ వచ్చాడు. కూతురు ఆ మాట అనడం మనసులో వినాలని చూశాడు. ప్రయత్నించిన ప్రతిసారీ ఆ డబ్బింగు ఆవిడ గొంతే వచ్చింది. బత్తు అనేదని తెలుసు. తెలియడం వేరు, వినపడటం వేరు. ఆ మాటే కాదు, నాన్నా అని పిలిచిందనుకున్నా ఆ పరాయి గొంతే పిలుస్తోంది. ఎప్పట్నుంచి ఇలా అయిందో కూడా తెలియదు. సినిమా పెట్టుకున్న ప్రతిసారీ తన చేతులతో తనే పిల్ల గొంతు కొంచెం కొంచెం చెరిపేసుకున్నాడు.

"ఒక్కటడుగుతాను," అన్నాడు. "అది ఎలా అనేదో ఒక్కసారి అని చూపించు. నాకు దాని గొంతు రావట్లేదు."

ఆవిడ దారం కొరికి గౌను పక్కన పెట్టింది.

"నువ్వు ఆ సినిమా మళ్లీ చూళ్లేదు కదా," అన్నాడు బతిమాలుతున్నట్టు. "నీ దగ్గరుంటుంది. నీ దగ్గర పాడవకుండా ఉంటుంది."

"నేనూ అలాగే అనుకున్నాను," అంది ఆవిడ. "అందుకే పక్క గదిలోకి పోయేదాన్ని. ఆ గొంతు చెవిన పడకూడదని. అయినా పోయింది. ఎప్పుడో పోయింది. మీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు నా దగ్గరుందనుకుంటున్నారుగా. అలాగైనా ఒకచోట ఉంటుందని."

 కాసేపటికి ఆవిడ లేచి అన్నం వడ్డించింది. ఇద్దరూ తిన్నారు కూడా.

కొన్నాళ్లకి బావమరిది అతని ఫోనుకి ఒక వీడియో ముక్క పంపాడు. ఎక్కడో వేరే దేశంలో వాళ్ల భాషలోకి మార్చుకున్న పాత సినిమాట. బొమ్మ మసకగా ఉంది, బస్సు సీన్లో సగమే ఉంది. కూతురు వెనక్కి తిరిగి, తెలియని భాషలో, ఇంకెవరిదో గొంతుతో ఏదో అంటోంది. అతను వెంటనే శబ్దం తీసేశాడు. పక్క గదిలోకి వెళుతుందనుకున్న భార్య వెనక నిలబడి అతని భుజం మీదుగా చూసింది. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి.

పెదవులు కదిలాయి. పళ్ల సందులోంచి నాలుక కొస కనిపించి మాయమైంది. అది బత్తు అన్న చోటే. ఇద్దరికీ తెలిసింది. ఆ మాట మనసులో వినాలని చూశారు. ఏమీ వినపడలేదు.

"ఇంకోసారి పెట్టండి," అంది ఆవిడ.

పెట్టాడు. అలా ఎన్నిసార్లో పెట్టాడు. కళ్లు నీళ్లతో మసకబారేదాకా చూసినా పెదవులు కదలడమే గానీ శబ్దం పుట్టలేదు. ఇక ఆపబోతుంటే ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. "ఆగండి. అక్కడ ఆపండి."

తెర మూలన, సీటు అంచు దగ్గర, గౌను కుచ్చెళ్లు పట్టుకుని ఒక చెయ్యి ఉంది. వేళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇన్నేళ్లలో ఇన్నిసార్లు చూసినా, అతను దాన్ని చూడలేదు.

"నాదే," అంది. "బస్సు కుదుపుకి పడిపోతుందేమోనని సీటు కింద నక్కి కూర్చుని పట్టుకున్నాను. మా తమ్ముడు వద్దన్నాడు, కనిపిస్తావన్నాడు. నేను వదల్లేదు."

అతను ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడ తెర వైపే చూస్తోంది. తన చేతిని తనే, ఎవరో పరాయివాళ్ల చేతిని చూసినట్టు చూస్తోంది. తర్వాత ఆ చెయ్యే చాచి ఫోను తిప్పి బల్ల మీద బోర్లా పెట్టింది.