బాతు లోపల ఎవరూ లేరు

మెట్టు రాబోతున్నదని తెలియజేయడానికి మిజుయె బాతు రెక్కను బొటనవేలితో ఒకసారి నొక్కింది. తిరిగి ఒక నొక్కు రావాలి. రాలేదు. బాతు మెట్టు దిగింది, తడబడకుండానే దిగింది. కాని జవాబు మాత్రం రాలేదు.

“తలుపు తీస్తున్నాను, కమోప్పీ. బయట ఎండగా ఉంది,” అని మిజుయె పైకి అన్నది. బాతు పెద్ద తలను ఊపింది. తలుపు తెరుచుకోగానే వేయించిన నూడుల్స్ పొగ, పిల్లల కేకలు ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. ఆ రోజు టీవీ స్టేషన్ పండుగ. కార్లు నిలిపే స్థలమంతా డేరాలతో నిండిపోయింది. వార్తలు చదివే బల్ల వెనుక కూర్చుని ఫోటో దిగడానికి వచ్చినవాళ్ల వరుస గేటు దాటి పోయింది.

సదకతా మిజుయెకు అరవై దాటాయి. వారమంతా ఒక సూపర్‌మార్కెట్ వెనుక వంటగదిలో వేపుళ్లను డబ్బాలకెత్తుతుంది. మణికట్ల మీద నూనె చింది మాడిన మచ్చలు గింజల్లా పరుచుకుని ఉంటాయి. స్టేషన్‌వాళ్లు పండుగ జరిపినప్పుడల్లా పసుపు చొక్కా తొడుక్కుని వచ్చి బాతు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. జపాన్ సానిన్ తీరంలోని ఆ చిన్న స్టేషన్‌కు కమోప్పి గుర్తుబొమ్మ, మనిషి తొడుక్కుని ఆడించే బాతు వేషం. తల మీద యాంటెనా, మెడలో ఎర్ర టై. ముక్కు కింది వల గుండా తప్ప దానికి చూపు లేదు, మాట అసలే లేదు. దాని తరఫున చూసేదీ మాట్లాడేదీ మిజుయెనే.

ఈ పనిలో నియమం ఒక్కటే: బాతు లోపల ఎవరూ లేరు. ఇది పిల్లల ముందు మాత్రమే పాటించేది కాదు. తల తొడిగాక స్టేషన్ నడవాలో కూడా లోపలి మనిషిని పేరు పెట్టి పిలవరు, ఉక్కగా ఉందా అని అడగరు.

ఆ లేని మనిషి పేరు ఫుకుమా యొషిహారు. సైకిళ్లు బాగుచేసే దుకాణం ఆయనది. పొట్టి మనిషి, తక్కువ మాటలు. బాతు పని లేని రోజున వాళ్లిద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. అయినా మిజుయె తన భర్త బతికి ఉన్నన్నాళ్లలో ఆయన చేతినైనా ఫుకుమా చేతిని పట్టుకున్నంతసేపు పట్టుకుని ఉండదు. మెట్టుంటే ఒక నొక్కు, అర్థమైతే తిరిగి ఒక నొక్కు, నీళ్లు కావాలంటే రెండు, నాకేం ఫరవాలేదు అనడానికి ఒక దీర్ఘమైన నొక్కు. ఈ భాష వాళ్లిద్దరిదే. ఎవరికీ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు.

అనుమానానికి ఆ రాని జవాబు ఒక్కటే కారణం కాదు. వీపున జిప్పు ఎక్కించేది ఎప్పుడూ మిజుయెనే. ఈ ఉదయం ఆమె వచ్చేసరికే బాతు సిద్ధమై గోడ పక్కన నిలబడి ఉంది.

“జిప్పు ఎవరు పెట్టారు?” అని అడిగింది.

“నేనేనండీ. మీకు శ్రమెందుకని,” అన్నది పండుగ పనులు చూసే ఇతోహారా. ముప్ఫై దాటని పిల్ల. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూసే అలవాటున్న పిల్ల. ఇప్పుడు జిప్పు వంక చూస్తూ మాట్లాడింది.

చేపవడల డేరా దగ్గర కదోవాకి పెద్దమ్మ పటకారు పైకెత్తి పలకరించింది. మిజుయెనూ బాతునూ ఆలుమగలని ఆటపట్టించడం ఆమెకు ఏటా ఉన్నదే.

“ఏమ్మా మిజుయె, మీ ఆయన ఈ వయసులో పొడుగవుతున్నాడేంటి?”

“బాతులకు వయసేంటి పెద్దమ్మా.”

“వయసు లేకపోతే పోనీ, యాంటెనా ఉందిగా. ఇందాక మా డేరా తాడుకు తగులుకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడైనా తగిలిందా? ఏం పెడుతున్నావో కాస్త మా మనవడికీ పెట్టు.”

మిజుయె నవ్వింది. పిల్లలు చూస్తున్నారు కాబట్టి నవ్వింది. నవ్వుతూనే తాడు వంక చూసింది. తాడు నిరుటి ఎత్తులోనే ఉంది.

వేదిక దగ్గరకు వచ్చాక అనుమానానికి ఒక ఆకారం ఏర్పడింది. నిరుటిదాకా మెట్లున్న చోట ఈసారి ఏటవాలు పలక వేసి, దాని మీద ఆకుపచ్చ తివాచీ పరిచారు. ఆ పలక వేయమని అడిగింది మిజుయెనే. వసంతంలో ఒక కార్యక్రమం ముగిశాక, ఫుకుమా గారికి మెట్లెక్కడం కష్టంగా ఉన్నదని ఇతోహారాతో చెప్పింది. ఆయన మోకాళ్ల సంగతి ఆయన చెయ్యి ఆమెకు చెప్పింది. మెట్టు మెట్టుకూ పట్టు బిగుసుకునేది.

పలక వచ్చింది. మనిషి లేడు. ఒక మనిషి కోసం పలక వేసినవాళ్లు ఆ మనిషినే ఎందుకు తీసేస్తారు? మిజుయె ఈ ప్రశ్నను పిల్లల ఫోటోల మధ్య, చేతులు ఊపడాల మధ్య అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి ఒకే సమాధానం మిగిలింది. లోపం మెట్లలో ఉన్నదని తాను చెప్పింది. మనిషిలో ఉన్నదని వాళ్లు విన్నారు. అందుకే ఆయనను మానిపించి ఉంటారు. ఫిర్యాదు ఎక్కడి నుంచి పోయిందో ఫుకుమా ఊహించే ఉంటాడు. ఆ మోకాళ్ల సంగతి తెలిసిన చెయ్యి లోకంలో ఒక్కటే.

మధ్యాహ్నం భోజనానికి ఆమె బాతు గదికి వెళ్లింది. తలుపుకు అడ్డంగా ఇతోహారా నిలబడి ఉంది.

“కమోప్పి పడుకుందండీ. మీ అన్నం డబ్బా బయట బల్ల మీద పెట్టించాను. ఈరోజు ఈల్ చేప.”

ఎప్పుడూ ఉప్పు సాల్మన్ ముక్కతో సరిపెట్టేవాళ్లు. అంత ఖరీదైన ఈల్ చేప మిజుయెను మరింత భయపెట్టింది.

“ఇతోహారాగారూ, లోపల ఎవరున్నారు?”

ఆ స్టేషన్ గోడల మధ్య ఆ మాట ఎవరైనా అనగా ఇంతవరకూ ఎవరూ వినలేదు. ఇతోహారా ముఖం పాలిపోయింది.

“లోపల ఎవరూ లేరు కదండీ,” అన్నది మెల్లగా.

నియమమే గోడగా మారి అడ్డం వచ్చింది. ఇక పరీక్షించి తెలుసుకోవడం తప్ప మిజుయెకు మార్గం లేకపోయింది.

పలక ముగిసి వేదిక మొదలయ్యే చోట చెక్క ఒక వేలి మందాన పైకి లేచి ఉంది. ఉదయం రెండుసార్లు ఆమె అక్కడ నొక్కి హెచ్చరించింది. మధ్యాహ్నం ప్రదర్శనకు బాతును నడిపించుకుంటూ వెళ్లినప్పుడు నొక్కలేదు. ఫుకుమా అయితే ఆ పాటి ఎత్తును అలవాటు కొద్దీ దాటుతాడని ఆమె లెక్క. బాతు కాలు తట్టుకుంది. రెక్క ఆమె చేతిలోంచి జారిపోయింది. అంత పెద్ద శరీరం ముందుకు తూలి మోకాళ్ల మీద పడింది. ముందు వరుసలో ఒక చిన్నపిల్ల ఏడుపు అందుకుంది.

“పొద్దున చేపవడలు మోతాదు మించి తిన్నదట కమోప్పి,” అన్నది మిజుయె మైకులో. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. “కాళ్లు బరువు మోయనన్నాయట.”

జనం నవ్వారు. బాతు లేచి తోక ఊపింది. పిల్ల ఏడుపు ఆపింది. అప్పుడు రెక్క వెతుక్కుంటూ వచ్చి మిజుయె చేతిని పట్టుకుని దీర్ఘంగా నొక్కింది. నాకేం ఫరవాలేదు.

ఆ నొక్కు ఫుకుమాది. లోపల ఫుకుమా ఉంటే, నొప్పి మోకాళ్ల మనిషిని తాను కావాలని పడగొట్టింది. ఫుకుమా కాకపోతే, ఆయన ఆ భాషను కూడా ఇంకొకరికి అప్పగించి తనకు మాటమాత్రం చెప్పకుండా వెళ్లిపోయాడు. ఈ రెండింటిలో ఏది నిజం కావాలని కోరుకోవాలో తెలియక, ప్రదర్శన ముగిసేదాకా ఆమె ఆ చేతిని వదలలేదు.

డేరాలు విప్పుతుండగా ఇతోహారా వచ్చి, “రండి,” అన్నది.

గదిలో బాతు తల బల్ల మీద ఉంది. పక్కన కుర్చీలో ఒక యువతి చెమటతో తడిసి కూర్చుని ఉంది. జుట్టు కురచ. చెవులు ఫుకుమా చెవుల్లాగే కొద్దిగా ముందుకు వంగి ఉన్నాయి. ఆమె లేచి నిలబడి వంగి నమస్కరించింది.

“ఫుకుమా నత్సుహోనండీ. ఆయన కూతుర్ని. నాన్న బుధవారం తెల్లవారుజామున పోయారు. ఇంటివాళ్లమే సాగనంపాం.”

మిజుయె కుర్చీ అంచు పట్టుకుంది.

“పండుగ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు.”

“నాకు కూడానా?”

“ముఖ్యంగా మీకు. పిల్లలు బాతు ముఖం చూడరట, మీ ముఖం చూస్తారట. మీకు తెలిస్తే వాళ్లకీ తెలిసిపోతుందన్నారు.”

“ఎప్పటినుంచి ఒంట్లో బాలేదు?”

“చలికాలం నుంచే. మోకాళ్లని మాకూ అబద్ధం చెప్పారు.”

“మెట్ల సంగతి ఇక్కడ చెప్పింది నేనే,” అన్నది మిజుయె. ఉదయం నుంచి మోసిన మాట అది. “దానివల్లే మానిపించారనుకున్నాను.”

“మానిపించలేదండీ. తనే నన్ను తీసుకొచ్చి అప్పజెప్పారు. పలక సంగతి విని భలే నవ్వారు. ‘ఆవిడ అనుమానం మనిషి, ఎక్కడో ఒకచోట నొక్కకుండా వదిలేసి చూస్తుంది, మోకాళ్లు వదులుగా పెట్టుకో’ అన్నారు.”

“మరి పెట్టుకోలేదేం?”

“పెట్టుకోబట్టే మోకాళ్ల మీద పడ్డానండీ. లేకపోతే ముక్కు మీదే పడేదాన్ని. పొద్దున మాత్రం భయంతో జవాబు నొక్కడం మరిచిపోయాను.”

మిజుయెకు నవ్వు వచ్చింది. అది చాలాసేపు ఆగలేదు, తరువాత అది నవ్వుగా మిగలలేదు. ఇతోహారా గుమ్మంలో తల దించుకుని నిలబడింది. మిజుయె తువ్వాలు తడిపి, కమిలిన మోకాళ్ల మీద ఒకదాని తరువాత ఒకటి అద్దింది. లోపల ఫుకుమా లేడన్న అనుమానం నిజమే అయింది. కారణం ఒక్కటే తప్పింది. ఆ ఒక్క తప్పు కోసం ఒక రోజంతా ఆయన తనను తిట్టుకుంటున్నాడనుకుంటూ గడిపింది. ఆయనేమో తన కోసం మోకాళ్లు వదులు చేయించి వెళ్లాడు.

“వచ్చే ఏడు కూడా వస్తారా?” అని నత్సుహో అడిగింది.

“జిప్పు మాత్రం నేనే పెడతాను,” అన్నది మిజుయె.

నత్సుహో, ఇతోహారా బాతు తలను, ఒంటిని బండికెక్కించడానికి వెళ్లారు. మిజుయె తువ్వాలు పిండి ఆరేయడానికి కిటికీ దగ్గరకు వెళ్లింది. నత్సుహో తన కాళ్లకు ఇరుకై బాతు పాదాల్లోంచి తీసి పెట్టినవి అక్కడున్నాయి. పొట్టి మనిషి తన ఎత్తు పెంచుకోవడానికి పాత తతామి గడ్డి చాపను పాదాల ఆకారంలో కత్తిరించి, పొర మీద పొర వేసి, అంచులు చేత్తో కుట్టుకున్న రెండు మందపాటి అట్టలు. ఆయన అవి వేసుకుంటాడని కూడా ఆమెకు తెలియదు. గడ్డి రంగు ఎప్పుడో పోయింది. మడమలు ఆనే చోట రెండు గుంటలు పడి ఉన్నాయి, ఎడమది కుడిదానికన్నా కాస్త లోతుగా.